తొలి అల్ట్రా మారథాన్ సాధన

అల్ట్రా మారథాన్ అనగా మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లను మించిన పరుగు. దూరాన్ని బట్టి 50 కి.మీ., 50 మైళ్ళు (సుమారు 80 కి.మీ.), 100 కి.మీ., 100 మైళ్ళు (సుమారు 161 కి.మీ.) పోటీలు, కాలాన్ని బట్టి 6, 12, 24 గంటల పోటీలు ఎక్కువగా జరుగుతాయి. ఒక మారథాన్ పూర్తిచేసినవారు మొదటి అల్ట్రా మారథానుకు సిద్ధమయ్యే విధానాన్ని విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాల నేలకు, వాతావరణానికి అన్వయించి ఈ వ్యాసంలో వివరించడమైనది.

మారథానుకు, 50 కి.మీ. అల్ట్రాకు మధ్య తేడా 8 కిలోమీటర్లకంటె తక్కువ. అయితే ఈ ప్రాంతంలో అసలు తేడా దూరంలో కాక సమయంలో ఉన్నది. తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి 5 గంటలలో మారథాన్ ముగించేవారు ఉదయం 9 గంటలకు నీడకు చేరుకుంటారు. అదే వ్యక్తి కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున 50 కి.మీ. పరుగెత్తితే 6 గంటల 40 నిమిషాలు పడుతుంది. ఆగి తినే సమయం కలిపితే 11 గంటలవుతుంది. అనగా మారథాన్ పరుగు ముగిసే వేళకు అల్ట్రాలో ఎండ మొదలవుతుంది. కాబట్టి ఇక్కడి సాధనలో ఆ చివరి రెండు గంటలకు సిద్ధపడటమే ప్రధానమైనది.

చరిత్ర

మారథాన్ దూరం 1908 లండన్ ఒలింపిక్స్‌లో 42.195 కిలోమీటర్లుగా పరుగెత్తబడి, 1921లో ప్రామాణికంగా స్థిరపడింది. అదే 1921లో దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ మారథాన్ ప్రారంభమైనది. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన సహచరుల స్మారకంగా విక్ క్లాఫమ్ అనే మాజీ సైనికుడు దీనిని ఆరంభించాడు. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య సుమారు 90 కిలోమీటర్లు సాగే ఈ పరుగు పేరుకు మారథాన్ అయినను నిజానికి అల్ట్రా మారథానే. గ్రీసులో ఏథెన్స్ నుండి స్పార్టాకు 246 కి.మీ. సాగే స్పార్టాథ్లాన్ 1983లో మొదలైనది. 1984లో అంతర్జాతీయ అల్ట్రా రన్నర్ల సంఘం ఏర్పడింది.

భారతదేశంలో బెంగుళూరు అల్ట్రా 2007లో ప్రారంభమైనది. 2022 జూలైలో ఆసియా-ఓషియానియా 24 గంటల పోటీ కూడా బెంగుళూరులోనే జరిగింది. తెలుగునాట ఏటా ఆగష్టులో జరిగే హైదరాబాదు మారథాన్ చాలామందికి మొదటి పూర్తి మారథాన్. ఆగష్టు చివర మారథాన్ ముగించినవారికి జనవరి మధ్యలో జరిగే అల్ట్రాకు సుమారు 20 వారాల వ్యవధి లభిస్తుంది.

నేల, వాతావరణం

కృష్ణా డెల్టా చదునైన ప్రాంతం. 1855లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో 1957 నాటికి నిర్మించిన ప్రకాశం బారేజి పొడవు 1,223.5 మీటర్లు. దీనిని 41 సార్లు దాటితే 50 కి.మీ. పూర్తవుతుంది. నగరం గుండా సాగే ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్లు, నది వెంబడి సాగే కరకట్ట దూరపు పరుగులకు వాడుకోదగినవి. కరకట్టల మీద చెట్లనీడ అన్నిచోట్లా ఉండదు. వానాకాలంలో గట్లమీది నల్లరేగడి మట్టి బూట్లకు అంటుకొని బరువెక్కుతుంది. వేసవిలో అదే నేల పగుళ్ళు వేసి గట్టిపడి మడమలు మెలిపడేటట్లు చేస్తుంది.

చదును నేల సులభమని అనిపించినను దానికి ఒక లోపం కలదు. ఎత్తుపల్లాలలో అడుగు మారుతూ ఒక కండరానికి విశ్రాంతి, మరొక కండరానికి పని లభిస్తాయి. చదునులో గంటల తరబడి అవే కండరాలు అదే విధంగా పనిచేస్తాయి. అందువలన వారానికి ఒకమారు ఎత్తు ఎక్కడం మంచిది. మంగళగిరి కొండమెట్లు, కొండపల్లి కోటకు వెళ్ళే దారి దీనికి అనుకూలమైనవి. ఆలయాల వద్ద భక్తుల రద్దీ లేని వేళలు ఎంచుకోవాలి.

డిసెంబరు నుండి ఫిబ్రవరి మొదటి భాగం వరకు వాతావరణం అనుకూలంగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. జూన్ నుండి నవంబరు వరకు ఎండకంటె ఉక్క ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట కారినంత మాత్రాన శరీరం చల్లబడదు, అది ఆవిరైనప్పుడే చల్లబడుతుంది.

ఇరవై వారాల ప్రణాళిక

* 1 నుండి 3 వారాలు: మారథాన్ తరువాత విశ్రాంతి. నడక, తేలిక పరుగు మాత్రమే. నొప్పులు తగ్గినను కండరాలలోని సూక్ష్మ గాయాలు మానడానికి సమయం పడుతుంది.
* 4 నుండి 9 వారాలు: వారానికి నాలుగు రోజుల పరుగు. వారపు మొత్తం 40 కి.మీ. నుండి క్రమంగా 55 కిలోమీటర్లకు పెంచాలి. దూరపు పరుగు 20 నుండి 28 కి.మీ.
* 10 నుండి 17 వారాలు: శని, ఆదివారాలలో వరుసగా రెండు దూరపు పరుగులు. శనివారం 25తో మొదలుపెట్టి 35 కి.మీ. వరకు, ఆదివారం 12తో మొదలుపెట్టి 20 కి.మీ. వరకు పెంచాలి. ప్రతి నాలుగవ వారం మొత్తం దూరాన్ని మూడవ వంతు తగ్గించాలి.
* 18 నుండి 20 వారాలు: దూరాన్ని క్రమంగా సగానికి, ఆపై ఇంకా తక్కువకు తగ్గించాలి. ఈ దశలో ఎక్కువ పరుగెత్తి పొందే లాభం ఏమీ లేదు.

వరుస పరుగులలో రెండవ రోజు పరుగు ముఖ్యమైనది. అలసిన కాళ్ళతో మెల్లగా పరుగెత్తడం అలవాటు చేసుకొనుటకే అది ఉద్దేశింపబడినది. సాధనలో 50 కి.మీ. పూర్తిగా పరుగెత్తవలసిన అవసరం లేదు.

మారథాన్ చేసినవారు చాలామంది నడవడాన్ని ఓటమిగా భావిస్తారు. అల్ట్రాలో నడక ఒక పద్ధతి. 25 నిమిషాల పరుగు, 5 నిమిషాల వేగపు నడక అనే క్రమాన్ని అలసట రాకముందే, మొదటి గంట నుండే పాటించాలి. అలసిన తరువాత మొదలుపెట్టే నడక నుండి తిరిగి పరుగులోకి రావడం కష్టం.

ఎండకు అలవాటుపడటం

10 నుండి 14 రోజులపాటు రోజూ సుమారు గంటసేపు వేడిలో తేలిక వ్యాయామం చేస్తే శరీరం అలవాటు పడుతుంది. రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఇది మానివేస్తే కొద్ది వారాలలో పోతుంది. కాబట్టి చివరి నెలలో కొన్ని పరుగులను ఉదయం 8 గంటలకు మొదలుపెట్టి 10 గంటలకు ముగించడం ఉపయోగకరం. మధ్యాహ్నపు ఎండలో, వేసవిలో దీనిని ప్రయత్నించరాదు. ఒంటరిగా చేయరాదు.

ఆహారం

శరీరంలో కండరాలు, కాలేయం కలిసి దాచుకొనే గ్లైకోజెన్ సుమారు 500 గ్రాములు, అనగా దాదాపు 2,000 కేలరీలు. కిలోమీటరు పరుగుకు కిలో శరీర బరువుకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల వ్యక్తికి 50 కిలోమీటర్లకు 3,000 కేలరీలు కావాలి. కొంత కొవ్వు నుండి లభించినను, దారిలో తినకుండా ముగించడం కష్టం. గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలని సాధారణ సలహా.

దీనికి ఖరీదైన జెల్లులే అవసరం లేదు. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మంగళగిరి పానకాల స్వామికి నివేదించే బెల్లపు పానకం వంటిదే చిటికెడు ఉప్పు చేర్చి సీసాలో పోసుకుంటే పరుగుకు పనికివస్తుంది. 40 గ్రాముల బెల్లంలో సుమారు 35 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఉడికించిన బంగాళదుంప, పెరుగన్నం ముద్ద, కారం తక్కువ వేసిన పులిహోర కొందరికి సరిపడతాయి. పరుగులో జీర్ణాశయానికి రక్తప్రసరణ తగ్గుతుంది కనుక దేనినైనా సాధనలో తిని చూడాలి. పోటీరోజున కొత్తది ఏదీ తినరాదు.

నీరు, ఉప్పు

నీరు తక్కువైతే ప్రమాదమని అందరికీ తెలిసినదే. నీరు ఎక్కువైనను ప్రమాదమని తెలిసినవారు తక్కువ. అవసరానికి మించి నీరు త్రాగితే రక్తంలో సోడియం పలుచబడి హైపోనాట్రీమియా అనే స్థితి ఏర్పడుతుంది. తలనొప్పి, వాంతులు, అయోమయం, తీవ్రమైతే మూర్ఛ, మరణం సంభవించవచ్చు. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త టిమ్ నోక్స్, ఆయన సహచరులు 1985లో ఇటువంటి కేసులను ప్రచురించారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందిని పరీక్షించగా 13 శాతం మందిలో ఈ స్థితి కనిపించింది. నాలుగు గంటలకు మించి సమయం తీసుకున్నవారిలో, పరుగు చివర బరువు పెరిగినవారిలో ఇది ఎక్కువ. అనగా మెల్లగా పరుగెత్తే కొత్త అల్ట్రా రన్నరుకే ముప్పు అధికం.

తమ చెమట ఎంతో లెక్క వేసుకోవడం మేలు. ఉదాహరణకు, రెండు గంటల పరుగుకు ముందు బరువు 62 కిలోలు, తరువాత 60.8 కిలోలు, మధ్యలో త్రాగినది 0.6 లీటరు అయితే మొత్తం చెమట 1.8 లీటర్లు, గంటకు 0.9 లీటరు. పోటీలో అంతకంటె తక్కువగా, దాహాన్ని బట్టి త్రాగాలి. పరుగు ముగిసేసరికి బరువు కొద్దిగా తగ్గి ఉండటం సహజం, పెరగడం ప్రమాద సూచన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 సూత్రం ప్రకారం ఓఆర్ఎస్ లీటరు నీటిలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. ఇది ఉప్పు, నీరు అందిస్తుంది గాని ఆహారానికి బదులు కాదు. అందులోని పిండిపదార్థం సగం అరటిపండుకు సమానం. ఉప్పు కలిపిన ద్రవమైనను అతిగా త్రాగితే హైపోనాట్రీమియా రాకుండా ఆపలేదు.

పాదాలు, దుస్తులు, దారి

ఎక్కువ గంటల పరుగులో పాదాలు ఉబ్బుతాయి. అరసైజు పెద్ద బూట్లు, తడి నిలవని సాక్సులు వాడాలి. నూలు సాక్సులు చెమటకు తడిసి బొబ్బలు కలిగిస్తాయి. తొడలు, చంకలు ఒరుసుకొనే చోట్ల వాజలీను పూయాలి. రెండవ జత సాక్సులు వెంట ఉంచుకోవాలి.

డెల్టా రహదారులపై డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున పొగమంచు ఉంటుంది. 16వ, 65వ నంబరు జాతీయ రహదారులపై లారీల రాకపోకలు రాత్రంతా సాగుతాయి కనుక అక్కడ సాధన చేయరాదు. ఇతర దారులలో వాహనాలకు ఎదురుగా, తలదీపం, వెలుగు పడితే మెరిసే దుస్తులు ధరించి పరుగెత్తాలి.

పరుగు ఆపవలసిన సందర్భాలు

* మాట తడబడటం, దిక్కు తెలియకపోవడం, నడక తూలడం: ఇవి వడదెబ్బ లక్షణాలు కావచ్చును. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి స్పృహ మారితే అది ప్రాణాపాయం. 108కు ఫోను చేసి, వాహనం వచ్చేలోగా నీడలో చల్లని నీటిలో ముంచడం లేదా ఒళ్ళంతా తడిపి గాలి విసరడం చేయాలి. స్పృహ సరిగా లేనివారికి నీరు త్రాగించరాదు.
* వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వాంతులు కలిసి రావడం: ఇది హైపోనాట్రీమియా కావచ్చును. ఇంకా నీరు త్రాగించడం హాని చేస్తుంది. వెంటనే వైద్యుని వద్దకు చేర్చాలి.
* మూత్రం ముదురు గోధుమ రంగులో రావడం: కండరాలు చితికి మూత్రపిండాలపై భారం పడుతున్నదనుటకు గుర్తు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.
* ఛాతీలో నొప్పి, ఎముకపై ఒకేచోట పెరుగుతున్న నొప్పి.

నొప్పి తెలియకుండా ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు వేసుకొని పరుగెత్తడం మూత్రపిండాలకు హాని కలిగించవచ్చు. గుండెజబ్బు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు సాధనకు ముందే వైద్యుని సలహా పొందాలి.

అయోమయంలో ఉన్నవారు తమకు ఏమీ కాలేదనే చెబుతారు. అందువలన ఆపాలనే నిర్ణయాన్ని పరుగెత్తే వ్యక్తికే వదలరాదు. సైకిలుపై గాని, కేంద్రాల వద్ద గాని తోడు ఉండేవారికి పై లక్షణాలు ముందే చెప్పి, అవి కనిపిస్తే తనను ఆపే అధికారం వారికి ఇచ్చి బయలుదేరాలి. మధ్యలో ఆపిన పరుగును మరుసటి సంవత్సరం మళ్ళీ ప్రయత్నించవచ్చును.

ఇవి కూడా చూడండి

* మారథాన్ పరుగు
* ప్రకాశం బారేజి
* వడదెబ్బ
* కృష్ణా డెల్టా