పిడికెడు బియ్యం

ఈమధ్య మన తిరువూరులో ఆదరణ కూడిక అంటే షామియానా, ఫ్లెక్సీ, మైకు, ఆపైన కోడికూర భోజనం. పోయినాయన ఫొటో చుట్టూ రంగుబల్బులు వెలగడం కూడా చూశాను అబ్బాయీ. రాను రాను రాజుగారి గుర్రం గాడిదైందంటే ఇదే! విస్తళ్ళు చాలాయో లేదో చూసుకోవడంతోనే ఆ ఇంటివాళ్ళకి పొద్దుపోతోంది, ఇక ఏడవడానికి తీరికెక్కడ? ఆ ఫోను కాస్త బోర్లా పెట్టు, పాత సంగతి చెప్తాను.

మా చిన్నప్పుడు మా పేటలో చావింట పొయ్యి రాజెయ్యనిచ్చేవాళ్ళు కాదు. ఒకింటి నుంచి జావ, ఒకింటి నుంచి అన్నం, ఇంకో ఇంటి నుంచి పచ్చిపులుసు. సాయంత్రం ఈతచాప పరిచి, లాంతరు పెట్టి, రెండు కీర్తనలు పాడి, ప్రార్థన చేసుకుని లేచేవాళ్ళు. మజ్జిగిస్తే తాగేవాళ్ళు, ఇవ్వకపోతే అదీ లేదు.

మా మేనత్త ఇంట్లోనూ అలాగే చాపేశారు. మావయ్యకి ఎడ్లబండి ఉండేది. వేసవిలో మామిడికాయలు వేసుకుని బెజవాడ తోలేవాడు. ఒకసారి జ్వరంతో తిరిగొచ్చి, మంచమెక్కి మరి దిగలేదు. నెల తిరక్కుండా చంటాడూ పోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. అత్త గుడికి రావడం మానేసింది. ఉపదేశిగారు మంచివాడే, కాకపోతే నోరు తెరిస్తే మూసేవాడు కాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా! ఆ మనిషి దేవుడికి కావలసి వచ్చాడమ్మా, తీసుకుపోయాడు అన్నాడు. అత్త తలెత్తి, "నాకూ కావాలి కదండీ" అంది. ఉపదేశిగారు ఆ పూటకి గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

తరవాత పాస్టరు అయ్యగారొచ్చి ఫాక్సు దొర కథ చెప్పారు. ఆ దొర 1841లో నోబుల్ దొరతో కలిసి మిషనరీగా బందరు వచ్చాడు. నాలుగేళ్ళకే భార్య పోయింది. పిల్లల్ని ఇంగ్లాండులో దిగబెట్టి, అక్కడే ఉండిపోకుండా మళ్ళీ బందరుకే వచ్చాడు. 1848లో ఆయనా పోయాడు, చిన్న వయసులోనే. అత్త అంతా విని, "ఆయనకి ఓడ ఉంది అయ్యగారూ, నాకు బండి కూడా లేదు" అంది. మావయ్య పోయాక ఎడ్లని అమ్మేశారు మరి.

పని జరిగింది అయ్యగారి భార్య వల్ల. ఆ అమ్మగారు వాక్యం ఎత్తలేదు. శనివారం పిడికెడు బియ్యం పోగుచెయ్యడానికి మనిషి లేదు, నువ్వు సంచి పట్టుకుని రా అంది, అంతే. పిడికెడు బియ్యమంటే నీకు తెలియదులే. అజరయ్య బిషపుగారని ఉండేవారు. ఆంగ్లికన్ సంఘంలో బిషపు అయిన మొట్టమొదటి భారతీయుడు, 1912లో. పుట్టుకతో తమిళుడు, తెలుగు నేర్చుకుని దోర్నకల్లులో స్థిరపడ్డాడు. ఆయన మండలంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి గుడి కోసం విడిగా కుండలో వేసేవాళ్ళు. చేతిలో కానీ లేనివాళ్ళు కూడా ఇవ్వగలిగిన కానుక అది.

డబ్బు కానుకల్లో మాత్రం మనవాళ్ళ తెలివి చూడాలి! కాస్త పైకెళ్తే అప్పట్లో నైజాం కదా, అక్కడ హాలీ సిక్కా నడిచేది. మన ఆరు రూపాయలకి వాళ్ళవి సుమారు ఏడు. కల్లూరు సంతలో చేతికొచ్చిన నైజాం బిళ్ళ ఇక్కడి కొట్టువాడు తీసుకోడు, అది నేరుగా కానుకల సంచిలోకి వచ్చి పడేది. దేవుడు చిల్లర అడగడని ధీమా. నైజాం పోయాక కూడా కొన్నాళ్ళు పడుతూనే ఉన్నాయి. సరే, ఎక్కడున్నాం? అత్త దగ్గర.

అత్త గునుస్తూనే వెళ్ళింది. మొదటింట్లో ముసలమ్మ బియ్యం పోస్తూ, కలరాలో పోయిన తన ఇద్దరు కూతుళ్ళ సంగతి ఎత్తింది. రెండో ఇంట్లో కొడుకు రంగూను వెళ్ళి ఉత్తరం లేదు. మరో ఇంట్లో ఏమీ చెప్పలేదు, కూర్చోమని పీట వేశారు. సంచి నిండేసరికి పొద్దుగూకింది. మరుసటి శనివారం ఎవరూ పిలవకుండానే బయల్దేరింది. ఆ ఆదివారం గుడికొచ్చి వెనక చాప మీద కూర్చుంది. పాట మాత్రం పాడలేదు. పాడటానికి ఇంకో ఏడాది పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు, అదే నాకు గొప్పగా తోస్తుంది.

తరవాత అమ్మగారి దగ్గర రాత్రిపూట అక్షరాలు దిద్దింది. ముప్పై దాటిన మనిషి పలక పట్టుకుంటే మేం పిల్లలం నవ్వేవాళ్ళం. చివరికి బైబిలు స్త్రీ అయి ఊళ్ళు తిరిగింది. దుఃఖం పోయిందా అంటే, లేదు. ఈస్టరు తెల్లవారుజామున మావయ్య సమాధికి సున్నం వేసి, కొవ్వొత్తి పెట్టి, ప్రతి ఏడూ ఏడ్చేది. ఏడ్చాక మొహం కడుక్కుని, పక్క సమాధికి సున్నం ఎవరూ వెయ్యలేదని ఆ ఇంటివాళ్ళని దులిపేది.

మా నాయన పోయినప్పుడు ఆవిడ వచ్చింది. ఊరంతా నన్ను కావలించుకుని ఏడుస్తుంటే, ఆవిడ గుమ్మం దాటుతూనే, "నీళ్ళు తోడావా?" అని అడిగింది. శనివారం వచ్చి బియ్యం సంచి నా నెత్తిన పెట్టింది. పద్నాలుగేళ్ళ మెడ, మోయలేక లోపల ఎంత తిట్టుకున్నానో! నాలుగిళ్ళు తిరిగాక ఒక ఇంట్లో కూర్చోబెట్టి బెల్లంముక్క ఇచ్చారు, మా నాయన వాళ్ళకి బాకీ ఉన్న అణాల లెక్క కూడా చెప్పారనుకో. నాకు ఆ రోజే మొదటిసారి నవ్వొచ్చింది.