ఇందూరు గడ్డ మీద ఏ మొక్క ఎక్కడిది?

1876లో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ప్రపంచ జంతువుల భౌగోళిక విస్తరణ మీద రెండు సంపుటాల గ్రంథం వెలువరించాడు. భూమిని ఆరు మండలాలుగా విభజించి, ఏ ప్రాణి ఎక్కడిదాకా వెళ్లి ఆగిపోతుందో, ఎందుకు ఆగిపోతుందో వివరించాడు. సముద్రాలు, పర్వతాలు, ఎడారులు గీసిన హద్దులవి. ఆ కొలబద్ద పట్టుకుని ఇందూరుకు, అంటే నిజామాబాద్ జిల్లాకు వస్తే సగం దాకానే పనికొస్తుంది. ఇక్కడ చెరుకుకు హద్దు గీసింది కొండా కాదు, సముద్రమూ కాదు. శక్కర్‌నగర్ మిల్లు.

మొదట రాయి గురించి చెప్పుకోవాలి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పొరలు పొరలుగా పారిన లావా ఉమ్మడి జిల్లా పడమటి అంచు దాకా వచ్చి ఆగింది. మద్నూరు, జుక్కల్, బోధన్ వైపు నల్లరేగడి ఆ రాయి అరిగి ఏర్పడిందే. తూర్పున గ్రానైటు గుట్టలు, ఎర్రచెలకలు. పడమట పత్తి, శనగ, తూర్పున చెరువుల కింద వరి అనే పాత విభజనకు మూలం ఆ లావా అంచే. ఒక్క జిల్లాలో రెండు భూగర్భ చరిత్రలు పక్కపక్కనే ఉండటం దీని భాగ్యం అంటాను.

ఆ నేల మీదికి వచ్చినవాళ్లలో పాత కాపు జొన్న. ఆఫ్రికాలో పుట్టి, క్రీస్తుకు ముందు రెండో సహస్రాబ్దిలో దక్కన్ చేరింది. ఆర్మూరు రైతులు ఇప్పటికీ వేసే ఎర్రజొన్న ఆ వంశానిదే. మక్క మెక్సికో పంట, మిరప, పల్లి అమెరికా ఖండాలవి, సోయా చైనాది. గుట్టల మీద తనంత తానే మొలిచే సీతాఫలం కూడా అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిందే. మన అడవి పండు అనుకునేంతగా కలిసిపోయింది.

పసుపు సంగతి వేరు. ఆర్మూరు, బాల్కొండ చేలల్లో పండి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరే ఈ పంట దక్షిణ, ఆగ్నేయ ఆసియాదే. కానీ దీని క్రోమోజోములు జతలుగా కాక మూడేసి చొప్పున ఉంటాయి కాబట్టి గింజ కట్టదు. పూసినా పండదు. గాలి మోయలేదు, పిట్ట తిని విసర్జించలేదు. ప్రపంచంలో పసుపు ఎక్కడ కనిపించినా ఒక మనిషి కొమ్ము తీసుకెళ్లి నాటాడన్నమాటే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. రైతులు ఏళ్ల తరబడి అడిగి సాధించుకున్న గుర్తింపు అది.

చెరుకు ప్రయాణం ఇంకా పొడుగు. మనం నమిలే లావుపాటి తీపి గడ న్యూగినీ దీవిలో, వేల ఏళ్ల కిందట మచ్చిక అయింది. అక్కడి నుంచి దీవుల మీదుగా ఆసియాకు పాకింది. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో కరీబియన్ దీవులకు ఓడ ఎక్కింది. ఆ తరువాత అది వెళ్లిన ప్రతి చోటికీ మనుషులను బలవంతంగానో ఒప్పందంతోనో ఈడ్చుకెళ్లింది. బానిసత్వం రద్దయ్యాక 1830ల నుంచి మారిషస్ తోటలకు కోరంగి రేవు మీదుగా తెలుగువాళ్లు వెళ్లారు. 1860లో చెరుకు తోటల కూలీలతో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు చేరింది. ఒక గడ్డిజాతి మొక్క చోటు మారితే దాని వెనక ఊళ్లకు ఊళ్లే కదిలాయి.

ఇందూరులోనూ అలాగే జరిగింది, ఈసారి ఓడ లేకుండా. 1923లో మంజీర మీద మొదలైన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్ దక్షత దాని వెనక ఉంది. కాలువ నీళ్లు రాగానే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి బోధన్, వర్ని, బాన్సువాడ చుట్టూ స్థిరపడ్డారు. వాళ్ల ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' ఇప్పటికీ ఉంది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవారు. అంతకుముందు బావుల కింద అక్కడక్కడా, గానుగ బెల్లానికి సరిపడా పండిన చెరుకు, ఆ తరువాత కాలువల వెంట వేల ఎకరాల్లో పరుచుకుంది.

కోసిన చెరుకును ఒక రోజులోపే ఆడాలి. ఆలస్యమయ్యే కొద్దీ గడలోని చక్కెర విరిగిపోతుంది, బరువు తగ్గుతుంది, రైతుకు ధర రాదు. అందుకే చెరుకు ఎక్కడ పండాలో నేల, వాన మాత్రమే నిర్ణయించవు. మిల్లు నుంచి ఎడ్లబండి, ఆపైన ట్రాక్టరు, లారీ వెళ్లగలిగే దూరమే దాని సరిహద్దు. మంజీర మీదే పైన సింగూరు జలాశయం కట్టి హైదరాబాద్‌కు తాగునీళ్లు మళ్లించడంతో నిజాంసాగర్ కింద ఆ సరిహద్దు కుంచించుకుపోయింది. 2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించి ఫ్యాక్టరీకి చెందిన బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు మిల్లులనూ మూసేశారు. కార్మికులు వీధిన పడ్డారు. చెరుకు చేలు వరికి, సోయాకు మళ్లాయి. మిగిలిన కొద్దిపాటి గడ మాగి, అడ్లూర్ ఎల్లారెడ్డి వైపు మిల్లులకు వెళ్తోంది. వాతావరణం మారలేదు, నేల మారలేదు. ఒక జాతి తన చోటు వదిలింది, ఒక గేటు మూతపడ్డందుకు.

మనిషి నాటని ప్రాణులూ ఇక్కడ చోటు మార్చుకుంటున్నాయి. 1963లో పోచంపాడు వద్ద నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ వెనక జలాలు వేసవిలో తగ్గాక నందిపేట వైపు విశాలమైన గడ్డి మైదానం బయటపడుతుంది. అక్కడ కృష్ణజింకలు మేస్తాయి. ఈ జింక సహజ నివాసం భారత ఉపఖండమే. వేట కోసం అమెరికాలోని టెక్సాస్‌కు, అర్జెంటీనాకు తీసుకెళ్తే అక్కడా మందలు కట్టింది. టిబెట్, మంగోలియా సరస్సుల్లో గుడ్లు పెట్టే చారల తల బాతులు హిమాలయాల మీదుగా ఎగిరొచ్చి తెలంగాణ జలాశయాల్లో చలికాలం గడుపుతాయి.

పిలవకుండా వచ్చినవి వేరే ఉన్నాయి. సర్కారు తుమ్మను 1877లో కడప ప్రాంతంలో వంటచెరకు కోసం నాటారు, ఇప్పుడు చెరువు గట్టు ఖాళీగా వదిలితే చాలు అదే. వయ్యారిభామ, గుర్రపు డెక్క కూడా అమెరికా సొత్తే. 2018లో కర్ణాటకలో తొలిసారి కనిపించిన కత్తెర పురుగు ఏడాది తిరగకుండానే ఇక్కడి మక్క చేలను కొరికింది. పంట మెక్సికో నుంచి వచ్చిన అయిదు వందల ఏళ్లకు దాని శత్రువు వెతుక్కుంటూ వచ్చింది.

చెరుకు కథలో అసలైన స్థానికుడి గురించి మాత్రం ఇక్కడెవరూ మాట్లాడరు. ఆ స్థానికుడు రెల్లు. 1912లో ఏర్పడిన కోయంబత్తూరు చెరుకు ప్రజనన కేంద్రంలో శాస్త్రవేత్తలు బార్బర్, వెంకట్రామన్ కలిసి న్యూగినీ వంశపు తీపి గడను మన నదుల రెల్లుతో సంకరం చేసి కో 205 అనే రకం తీశారు. తీపి ఒకరిది, తెగుళ్లనూ ఎద్దడినీ తట్టుకునే గుణం ఇంకొకరిది. వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ ఆ కేంద్రంలోనే చెరుకు జాతుల క్రోమోజోములను పరిశీలించి, చెరుకును మక్కతో కూడా సంకరం చేశారు. దక్షిణాదిని దశాబ్దాలు ఏలిన కో 419 మొదలు నేటి రకాల దాకా రెల్లు రక్తం లేనిది దాదాపు లేదు. ఆ రెల్లు మంజీర ఒడ్డున నేటికీ ఉంది, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసేదాకా.

ఫ్యాక్టరీ తెరవాలా వద్దా అన్నది ప్రభుత్వాల చేతిలో ఉంది, తెరవాలనే నేనూ కోరుకుంటాను. నదిని కాపాడటం మాత్రం అందరి చేతిలోనూ ఉంది. ఇసుక తవ్వకాలకు అనుమతులిచ్చే అధికారులు రెల్లు దుబ్బులున్న ఒడ్డులను వదిలేయాలి. రుద్రూరు పరిశోధన స్థానం, డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం కలిసి నిజాంసాగర్ నుంచి కందకుర్తి దాకా ఆ దుబ్బులను సేకరించి, నమోదు చేసి, ఒక మడిలో పెంచాలి. రేపటి చెరుకుకు తెగులు తట్టుకునే గుణం కావాలంటే వెతకాల్సింది అక్కడే.