జేర్ జబర్ లేని హర్ఫ్‌లు, జపాన్ లుగత్

ఉర్దూ ఖాయిదా చదివినవాళ్లకు జేర్, జబర్, పేష్ గుర్తుంటాయి. హర్ఫ్‌ను ఏ అచ్చుతో పలకాలో చెప్పే చిన్న గుర్తులవి. పిల్లల కితాబుల్లో ఉంటాయి, అఖ్బార్లలో ఉండవు. లఫ్జ్ ముందే తెలిసినవాడే సరిగ్గా చదువుతాడు.

జపనీస్ జబాన్‌లో ఈ ముష్కిల్ ఇంకా పెద్దది. చైనా నుంచి వచ్చిన ఒక్కో కాంజీ అక్షరానికి రెండు మూడు ఉచ్చారణలు మామూలే. అందుకే పక్కన చిన్న కానా అక్షరాలతో ఉచ్చారణ రాసే రివాజు వచ్చింది. దాన్ని ఫురిగానా అంటారు. వాళ్ల జేర్ జబర్ అదే అనుకోండి. ఒకప్పుడు అక్కడి అఖ్బార్లూ ఫురిగానాతో అచ్చయ్యేవి. 1946లో సర్కారు 1850 కాంజీల ఫెహరిస్త్ ప్రకటిస్తూ, ఇక ఫురిగానా వాడకపోవడమే పద్ధతి అంది.

ఆ తర్వాత బయటి నుంచి వచ్చి నేర్చుకునేవాడి మెహనత్ చూడండి. అక్షరంలో మూలభాగాన్ని గుర్తుపట్టాలి, గీతలు లెక్కపెట్టాలి, లావుపాటి లుగత్ తిరగేయాలి. పైగా లఫ్జ్‌కీ లఫ్జ్‌కీ మధ్య ఖాళీ ఉండదు. ఎక్కడ విరవాలో తెలియకపోతే వెతకడం కూడా కుదరదు.

1991లో ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీలో పనిచేసే జిమ్ బ్రీన్, ఎడిక్ట్ అనే జపనీస్-ఇంగ్లిష్ లుగత్ ఫైలు మొదలుపెట్టి ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఎందరో రజాకారుగా, అంటే ఇష్టపూర్వకంగా, లఫ్జ్‌లు పంపారు. 1998లో దాన్ని వెబ్‌లోకి తెచ్చాడు. 2000లో హక్కులను ఒక పరిశోధన బృందానికి అప్పగించాడు. మూలం పేరు చెప్పాలి, మార్పులు చేస్తే అదే షరతుతో పంచాలి. అంతే, ఎవరైనా వాడుకోవచ్చు. నాకైతే ఇది వక్ఫ్ లాగే కనిపిస్తుంది. మిల్కియత్ ఒకరిది కాదు, ఫాయిదా అందరిదీ.

ఆ పునాది మీదే మిగతావి లేచాయి. ఫైర్‌ఫాక్స్‌లో రికైచాన్, క్రోమ్‌లో రికైకున్, ఆ తర్వాత యోమిచాన్. అక్షరం మీద మౌస్ పెడితే చాలు, ఉచ్చారణా మానీ చిన్న డబ్బాలో కనిపిస్తాయి. అక్కడి నుంచి లుగత్‌లో దొరికే అతి పొడవైన లఫ్జ్‌ను ఆ పనిముట్టే వెతుకుతుంది. ‘తబెమషిత’, అంటే తిన్నాను, అని ఉంటే దాని అసలు రూపం ‘తబెరు’ అని పట్టుకుంటుంది. జాదూ ఏమీ లేదు. వెనక ఆ లుగత్ ఉంది, అంతే.

మన ఇళ్లలో దాదాలు రాసిన ఖత్‌లు, జమీన్ కాగితాలు, నికానామాలు ఉర్దూలో పడి ఉన్నాయి. వాటిని చదవాల్సిన పిల్లలు తెలుగు మీడియంలోనో ఇంగ్లిష్ మీడియంలోనో పెరిగారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, హర్ఫ్ మాత్రం గుర్తుపట్టరు. షాయిరీకి రేఖ్తా ఉంది. లఫ్జ్ మీద నొక్కితే మానీ వస్తుంది. దాదా ఖత్‌లోని దక్కనీ మాటకు తెలుగులో మానీ చెప్పేదెవరు? యాప్ చేయగల ఇంజనీర్లకు మనలో కొదవ లేదు. ముందు కావాల్సింది లుగత్, దాన్ని వక్ఫ్ చేసే మనసు. ఆ మాటలు తెలిసిన బుజుర్గులు ఉండగానే ఆ పని మొదలుకావాలి.