మాత్ర మింగించే పనికి వెల

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. క్షయకు మందులు వచ్చాక అటువంటి చోట్ల రోగికి మంచం, తిండి, విశ్రాంతితోపాటు పర్యవేక్షణ కూడా అందేది. రోగి మాత్ర మింగాడా లేదా అని చూడడం నర్సు దినచర్యలో భాగం. దానికి విడిగా పద్దు లేదు. మంచం ఖర్చులోనే కలిసిపోయేది.

1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా కేంద్రం ఆ మంచం అవసరాన్నే ప్రశ్నించింది. వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో, ఒకే మందులను ఏడాదిపాటు ఇంట్లో వాడినవారినీ శానటోరియంలో వాడినవారినీ పోల్చి చూశారు. 1959లో వెలువడిన ఫలితాలలో రెండు పద్ధతులూ ఇంచుమించు సమానంగా నిలిచాయి. శానటోరియాల యుగం ముగియడానికి ఈ అధ్యయనం ఒక ముఖ్య కారణం. అయితే పరిశోధకులు రోగి మాటను మాత్రమే నమ్ముకోలేదు. చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళి మాత్రలు లెక్కపెట్టారు. మూత్ర పరీక్షలు చేశారు. మంచం పోయినా నర్సు పని మిగిలే ఉందన్నమాట. దానికి జీతమిచ్చేవారే లేకుండా పోయారు.

ఆ ఖాళీని పూరించే ప్రయత్నమే తర్వాతి చరిత్ర. హైదరాబాదులో మహావీర్ ఆసుపత్రి 1995లో ప్రైవేటు వైద్యులను కలుపుకొని, ఎదురుగా మందు మింగించే పద్ధతిని నడిపింది. జాతీయ క్షయ నివారణ కార్యక్రమం కూడా ఇదే పద్ధతిని చేపట్టి, చికిత్స పూర్తి చేయించిన గ్రామస్థాయి కార్యకర్తకు తొలినాళ్ళలో 250 రూపాయల గౌరవవేతనం ఇచ్చింది. చిన్న మొత్తమే. కానీ అది మందుకు కాదు, మనిషి చేసిన పనికి కట్టిన వెల.

అమెరికాలో 1996లో నార్త్ కరొలైనాలోని ఆష్‌విల్ నగరం, మధుమేహం ఉన్న తన ఉద్యోగులతో క్రమంగా మాట్లాడినందుకు ఫార్మసిస్టులకు డబ్బు చెల్లించింది. 2003 చట్టంతో మెడికేర్ ఔషధ పథకాలలోనూ ఇటువంటి సేవకు చోటు దక్కింది. తర్వాత వచ్చిన నక్షత్రాల శ్రేణి మాత్రం మరోదారి పట్టింది. మధుమేహం, రక్తపోటు, కొలెస్టరాల్ మందులు రోగి చేతిలో 80 శాతం రోజులకు సరిపడా ఉంటే, వాడినట్టే లెక్క. ఆ లెక్క బీమా కంపెనీ బోనసును ప్రభావితం చేస్తుంది.

షామ్‌బర్గ్‌లో ఉండే మన పెద్దవాళ్ళకు ఈ లెక్క ఎలా వర్తిస్తుందో చూడండి. ఇక్కడ రెండుసార్లు మందు కొని, విజయవాడ వెళ్ళి ఆరు నెలలు అక్కడి మందునే తప్పకుండా వేసుకున్నవారు లెక్కలో మందు మానేసినవారు. నెలనెలా తపాలాలో వచ్చే సీసాలను మూత తీయకుండా అలమారలో పేర్చేవారు క్రమశిక్షణ గల రోగులు. 2015 నుండి మెడికేర్ నెలకు 20 నిమిషాల దీర్ఘవ్యాధి సంరక్షణకు క్లినిక్‌కు చెల్లిస్తోంది. ఫోను చేసి “మాత్ర ఎందుకు మానేశారు?” అని అడిగే తీరిక దీనివల్ల కొంత దొరికింది. కానీ అందులో 20 శాతం రోగి వాటా. అనుబంధ బీమా లేనివారు ఆ బిల్లు చూసి సేవనే వద్దనుకోవచ్చు.

మద్రాసు పరిశోధకులు ఇంటి తలుపు తట్టి తెలుసుకున్నదాన్ని కొనుగోలు రసీదు చెప్పలేదు. చెల్లింపు ఆ తలుపు తట్టే మనిషికి చేరాలి. దాని భారం రోగి మీద పడకూడదు.