అవ్వ మోకాళ్లు, తమ్ముడు కట్టిన మెట్లు

పోయిన వానాకాలంలో మా అవ్వ మెట్ల మీద పడింది. మొత్తం పదిహేడు మెట్లు. కింది నుంచి నాలుగో మెట్టు మీద కాలు జారింది. మణికట్టు విరిగింది, తుంటి బతికింది. "నాలుగు మెట్లే గదనే, పదిహేడు గాదు" అని కట్టు కట్టించుకుంటూ నన్నే ఊరడించింది. మేం అమ్మను అవ్వ అంటాం. ఆమెకు డెబ్బై రెండేళ్లు. ఉండేది కోనరావుపేటలో, తమ్ముడు కట్టిన ఇంట్లో, పై అంతస్తులో.

తర్వాత రెండు నెలలు మా ఇంట్లో ఒకటే చర్చ, అవ్వ ఎక్కడుండాలని. దుబాయి నుంచి తమ్ముడు ఫోన్లో, "కిందనే ఉండుమను అక్కా. పైన ముసల్దానికేం పని?" అన్నాడు. వాడు చెడ్డవాడేం కాదు. తల్లి మీద ప్రేమ ఉన్న కొడుకే. కింద హాల్లో ఒక మూల మంచం వేస్తామన్నారు. ఆ మూలకు తలుపు లేదు. వచ్చేపోయే వాళ్లందరి కళ్లూ ఆ మంచం మీదే పడతాయి. అవ్వ రెండ్రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు, "నా అర్ర పైన ఉన్నది. నేను ఆడికే పోత" అన్నది. డెబ్బై రెండేళ్లలో తనదంటూ తలుపు వేసుకోగలిగిన మొదటి అర్ర అది. దాన్ని వదలమనడం ఎంత సులువుగా మా అందరి నోటికీ వచ్చిందో!

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠం చెప్తాను. కోటల మెట్ల గురించి, బావుల మెట్ల గురించి ఏళ్లుగా చెప్పాను. మా ఇంటి మెట్లకు చరిత్ర ఉందని మాత్రం అవ్వ పడేదాకా తట్టలేదు.

ముందు మోకాళ్ల సంగతి. అవ్వ పన్నెండో ఏట బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. యాభై ఎనిమిదో ఏట దించింది. తునికాకు తడపాలి, కత్తెరతో కోయాలి, తంబాకు వేసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి ఒత్తాలి. లెక్క వెయ్యి బీడీలకు కూలి. కార్ఖానాలో బాగా లేవని పక్కకు తీసినవాటికి కూలి లేదు. పని ఇంట్లోనే గనక ఇది పనిలాగా ఎవరికీ కనిపించదు. కూర్చుని చేసేదే గదా అంటారు. నలభై ఆరేళ్లు నేల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న మోకాళ్లు ఇప్పుడు మెట్టు ఎక్కలేవు, అంతే. బీడీ కార్మికుల పని పరిస్థితుల మీద 1966లో చట్టం వచ్చింది, 1976లో సంక్షేమ నిధి వచ్చింది. క్షయ గురించి, కళ్ల గురించి ఎంతో కొంత మాట్లాడారు. మోకాలు మాత్రం ముసలితనం ఖాతాలోకే పోయింది. డాక్టరు కూడా "వయసమ్మా" అన్నాడు. అవ్వ చాట సంగతి ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఇక మెట్లు. అవ్వ చిన్నప్పుడు ఆమె పుట్టిన ఊళ్లో రెండంతస్తుల ఇల్లు ఒక్కటే, దొర గడీ. మిగతావన్నీ పెంకుటిళ్లు, గుడిసెలు. గడీ ముందర చెప్పులేసుకుని నడవలేని మనుషులకు పైకెక్కే మెట్లు కలలోకి కూడా రాని వస్తువు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అవ్వకప్పుడు ఇరవై అయిదేళ్లు. ఆ రోజుల గురించి అడిగితే సంఘం గురించి తక్కువ చెప్తుంది, పోలీసుల కోసం వండిన వంట గురించి ఎక్కువ చెప్తుంది. ఆ తర్వాత దొరలు ఒక్కొక్కరే పట్నం చేరారు. గడీలు పాడుబడ్డాయి. మా ప్రాంతపు మగవాళ్లు గల్ఫ్ దారి పట్టారు. వాళ్లు పంపిన పైసలతో ఊరూరా స్లాబు ఇళ్లు లేచాయి, స్లాబు మీద స్లాబు లేచింది. పై అంతస్తు అవసరం కోసం కట్టింది కాదు. ఒకప్పుడు మనం ఎక్కరానిది గనక కట్టారు. ఆ కసిని నేను చిన్నచూపు చూడలేను.

కానీ ఎవరు కట్టారు? మా కింది ఇల్లు 2009లో తమ్ముడి పైసలతో లేచింది. పై స్లాబు 2011లో పడింది. దాని సిమెంటూ సలాకా అవ్వ పి.ఎఫ్. పైసలు. బీడీలు మానేసినప్పుడు చేతికొచ్చిన మొత్తమంతా అందులోకే పోయింది. అయినా ఊళ్లో అది తమ్ముడు కట్టిన ఇల్లే. నేను కూడా పై పేరాలో అట్లాగే రాశాను, చూడండి.

మేస్త్రీ మెట్లు బయట గోడ పక్కన వేశాడు, జాగా కలిసొస్తుందని. ఎత్తు ఎనిమిది అంగుళాలు, వెడల్పు రెండున్నర అడుగులు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇళ్లలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకూడదని 2016 జాతీయ భవన నిర్మాణ కోడ్ అంటుంది. మావి 20 పైన. ఆ మెట్టు ఎత్తు నిర్ణయించేటప్పుడు అక్కడ నలుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. మోకాళ్లు నొస్తున్న మనిషి లోపల వాళ్లకు చాయ్ పెడుతోంది.

మరదలే మొదట అన్నది, "వదినె, నేను పట్టుకొని ఎక్కిస్త తియ్యి" అని. రెండు నెలలు ఎక్కించింది, రోజుకు రెండుసార్లు. ఆమె కూడా బీడీలు చేస్తుంది. ఒకరోజు ఇద్దరూ మెట్ల మధ్యలో ఆగి గోడకు ఆనుకొని ఉండగా చూశాను. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలియలేదు.

మేం బెస్తవాళ్లం. దొరల మేనా మోయడం మా వెట్టి. మా తాత కుడి భుజం మీద కాయ ఉండేది, పిల్లలం దాన్ని ముట్టి చూసేవాళ్లం. మేనాలో తెర వెనక దొరసాని ఉండేదట. ఎండయినా వానయినా బోయీలు మోయాల్సిందే. దొరసానికి మాత్రం ఆపమనే స్వతంత్రం ఉందా? ఎటు పోవాలో దొర చెప్పాక బయలుదేరేది మేనా. ఒక మనిషిని మరో చోటికి మోయడం వెనక ఎప్పుడూ ఈ రెండు ప్రశ్నలున్నాయి. మోసే భుజం ఎవరిది? ఆపమనే మాట ఎవరిది?

కుర్చీ చరిత్ర వెదుకుతుంటే ఫ్రాన్సు రాజుల కాలం దాకా పోయాను. పదిహేడో శతాబ్దంలో విలేయే అనే ఆయన గోడ లోపల ఎదురు బరువులతో పైకీ కిందికీ పోయే 'ఎగిరే కుర్చీ' తయారుచేశాడు. పద్నాలుగో లూయీ కూతురు ఒకామె వెర్సాయిలో దాన్ని పెట్టించుకుంది. ఒకరోజు అది మధ్యలో ఇరుక్కుంది. గోడ పగలగొట్టి తీసేదాకా ఆమె మూడు గంటలు లోపలే ఉంది. 1743లో అదే రాజభవనంలో పదిహేనో లూయీ తన ప్రియురాలి కోసం మరో కుర్చీ పెట్టించాడు. మెట్ల వెంట పట్టాల మీద కరెంటుతో నడిచే కుర్చీ మామూలు ఇంట్లోకి వచ్చింది 1923లో. అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన క్రిస్పెన్ జబ్బుపడిన స్నేహితుడి అవస్థ చూసి దాన్ని చేశాడు. ఇంగ్లండులో 1867 నాటి స్టానా లిఫ్టుల కంపెనీ 1975లో ఈ కుర్చీలు మొదలుపెట్టింది. అక్కడ అది సామాన్యుల ఇళ్లకు చేరడంలో కంపెనీ గొప్పతనం కన్నా చట్టం పాత్రే ఎక్కువ అని నాకనిపిస్తుంది. వికలాంగుల ఇళ్లలో అవసరమైన మార్పులకు స్థానిక ప్రభుత్వాలు సాయం చేయాలని 1970లో చట్టం చేశారు. 1989 చట్టంతో ఇంటి మార్పులకు ప్రత్యేక గ్రాంటు వచ్చింది. మెట్ల కుర్చీకి ఆ గ్రాంటు వర్తిస్తుంది.

మన దగ్గర? 2016 వికలాంగుల హక్కుల చట్టం బహిరంగ భవనాల గురించి గట్టిగానే మాట్లాడుతుంది, ఇంటి లోపలి మెట్ల జోలికి రాదు. పేద వృద్ధులకు పరికరాలిచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఇస్తారు. ఇల్లు దాటడానికి చక్రాల కుర్చీ ఉంది. ఇంట్లోనే పై అర్రకు పోవడానికి ఏమీ లేదు. మాకు చెప్పిన ధర మూడు లక్షల పైన. బీడీ కార్మికుల పెన్షన్ 2019లో 2016 రూపాయలైంది. ఆ లెక్కన పన్నెండేళ్ల పెన్షన్ పైగా. అవ్వ ఈ లెక్క నాకన్నా ముందే వేసింది, నోటితోనే.

హైదరాబాదులో షోరూముకు అవ్వనే తీసుకుపోయాను. చూసి రమ్మని తమ్ముడు నన్ను పంపిస్తే, కూర్చునేది ఆమె గదా అని పట్టుబట్టాను. అక్కడి కుర్రాడు మొత్తం నాతోనే మాట్లాడాడు. ప్రశ్నలన్నీ అవ్వవి.

"కరంటు వోతే నడిమిట్ల కూసునుడేనా?" పోదట. కుర్చీలో బ్యాటరీలుంటాయి, పట్టా చివర ఆగినప్పుడు వాటంతటవే చార్జి అవుతాయి, కరెంటు పోయినా కొన్నిసార్లు ఎక్కి దిగొచ్చు. ఆ రాజకుమారి మూడు గంటలు నాకు గుర్తొచ్చాయి. "గోడ ఆపుతదా?" పట్టా గోడకు కాదు, మెట్లకే బిగిస్తారు. "ఎంత జోరు వోతది?" సెకనుకు పదిహేను సెంటీమీటర్లు దాటదు, మా మెట్లకు దాదాపు ముప్పావు నిమిషం. "పిల్లగాడు కాలు వెడితె?" కాళ్లు పెట్టుకునే పలక కింద ఏది తగిలినా ఆగిపోతుంది. "కోతులు?" కుర్రాడికి జవాబు దొరకలేదు. మా ఊళ్లో కోతులు టీవీ డిష్షును కూడా బతకనివ్వవు.

అవ్వ అడగనిది, నేను తెలుసుకున్నది ఒకటుంది. పైకి చేరాక కుర్చీ పక్కకు తిరగాలి, మెట్ల వైపు వీపు పెట్టి డాబా మీద కాలు పెట్టేటట్టు. లేచేటప్పుడే ముసలివాళ్లు పడేది. ఇది తిరగని కుర్చీ ఎంత చవకగా వచ్చినా వద్దు. మెట్లు మలుపు తిరిగితే పట్టా కొలత ప్రకారం వంచి చేయించాలి, ధర రెట్టింపు దాకా పోతుంది. మావి తిన్నగా ఉండడం మేస్త్రీ చేసిన ఒకే ఒక్క మేలు. వెడల్పు తక్కువ గనక సీటు మడిచినా మిగతావాళ్లు ఒదిగి నడవాలి. వానకు ఆగే రకం వేరే తీసుకోవాలి, పైన రేకులు వేయాలి. చెడిపోతే మనిషి హైదరాబాదు నుంచి రావాలి, ఎన్ని రోజుల్లో వస్తాడో కాగితం మీద రాయించుకున్నాను.

అంతకన్నా ముందు ఊళ్లో వెల్డింగ్ ఆయనతో మెట్లకు రెండువైపులా పట్టుకునే పైపులు పెట్టించాం. పదమూడేళ్లుగా ఆ పని ఎవరికీ తోచలేదు. మరదలు మొదటిరోజు పైపు పట్టుకుని ఎక్కి, "ఇదే ముందుగాల ఉంటె అత్తమ్మ వడకపోవు" అన్నది.

తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. "ఊరోళ్లు ఏమంటరు? తల్లిని కుర్చీల గూసవెట్టి మిషిన్ల పంపుతున్నరంటరు" అన్నాడు. తల్లిని కోడలి భుజం మీద పంపితే ఊరోళ్లు ఏమీ అనరు. ఆ మాట నేననలేదు, మరదలే ఫోన్ గుంజుకుని అన్నది. సగం పైసలు పంపాడు. సగం నేనూ అవ్వా పెట్టాం. అవ్వ వాటా చిన్నదే, కానీ వద్దంటే కుర్చీయే వద్దన్నది.

ఈ ఎండాకాలం బిగించారు. పిల్లలు ఆడకుండా దానికో తాళంచెవి ఉంది. ఎవరి దగ్గరుండాలని మేం మాట్లాడుకుంటుండగానే అవ్వ దాన్ని బొడ్లో దోపుకుంది. మొదటి రెండ్రోజులు వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి చూసిపోయారు. ఒక్కొక్కరే తమ మోకాళ్లు చూపించుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నం నేను బస్సుకు బయలుదేరుతుంటే, మరదలు ఉతికిన బట్టల బకెట్ పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. అవ్వ బొడ్లోంచి తాళంచెవి తీసి ఆమె చేతికిచ్చింది.

"బకీటు ఒళ్లె వెట్టుకొని కూసో. ఎవలు సూస్తలేరు" అన్నది.