ఇరవై నిమిషాలు

కడప రిమ్స్ క్యాజువాల్టీ. రాత్రి పదకొండు దాటింది. మీది ప్రొద్దుటూరు. హౌస్ సర్జన్ కోటు ఇంకా కొత్తది.

108 దించిపోయిన స్ట్రెచర్ మీద జమ్మలమడుగు దిక్కు రైతు. పాదం వాచి నున్నగా మెరుస్తోంది.

"చేనికి నీళ్లు కట్టను పోయినాడు సామీ. రక్తపింజర అంట..." భార్య గొంతు పెగలడం లేదు.

మోకాలి కింద తాడు బిగించి కట్టారు. విప్పబోతారు. ఆగండి! ముందు సెలైన్ ఎక్కించే దారి చూసుకోవాలి, విషం ఒక్కసారిగా పైకి పాకితే కష్టం.

గాజు ట్యూబులో కాస్త రక్తం తీసి బల్ల మీద పెడతారు. ఇరవై నిమిషాలు కదపకూడదు. అప్పటికీ గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే.

పక్కనున్న సీనియర్‌ది పులివెందుల. గడియారం చూస్తూనే మాట కలుపుతాడు. కర్నూలుకు 1956లో, తిరుపతికి 1960లో, అనంతపురానికి 2000లో మెడికల్ కాలేజీలొచ్చాయి. కడపకు? 2006 దాకా లేదు. అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ స్వయంగా డాక్టరు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో 70 పడకల ఆసుపత్రి పెట్టినాయన. మన జిల్లావాడు ఆ కుర్చీ ఎక్కితే గానీ కాలేజీ రాలేదన్నమాట!

ట్యూబు వంచుతారు. రక్తం నీళ్లలా జారింది.

పది వయల్స్ విరుగుడు మందు కలిపి డ్రిప్ పెడతారు. సీనియర్‌ను వార్డుకు పిలిచారు.

రైతు మెడ గోక్కుంటున్నాడు. ఒళ్లంతా దద్దుర్లు. ఊపిరి ఈలేస్తోంది. బీపీ పడిపోతోంది.

మందే పడలేదు.

ఎవరూ లేరు. మీరే.

డ్రిప్ ఆపండి. అడ్రినలిన్. అర మిల్లీగ్రాము. తొడ కండలోకి. పొడవండి.

ఒక నిమిషం. రెండు. ఊపిరి అందుతోంది. బీపీ కుదురుకున్నాక డ్రిప్ మళ్లీ మొదలు, ఈసారి మెల్లగా.

తెల్లారి టీ కొట్టు దగ్గర సీనియర్ తన ఊరి సంగతి ఎత్తుతాడు. పులివెందుల కాలేజీకి 2024 మార్చిలో ప్రారంభోత్సవం జరిగింది. ఆ ఏడాదే 50 సీట్లకు అనుమతీ వచ్చింది. వసతులు చాలవని కొత్త ప్రభుత్వం వద్దంది. 2025లో ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని నిర్ణయించింది. పాఠం చెప్పేవాళ్లు, రోగులు లేకుండా భవనం ఒక్కటే కాలేజీ కాదు, నిజమే. కానీ వసతులు చాలకపోతే సమకూర్చాల్సింది ప్రభుత్వమే కదా! ఎవరి వాదన ఎలా ఉన్నా, 2024లో పులివెందులలో 50 మంది చేరాల్సింది. ఒక్కరూ చేరలేదు.