దివ్యసత్ప్రసాదం – ఆత్మార్పణ

దివ్యసత్ప్రసాదం క్రైస్తవ సంస్కారాల్లో ఒకటి. శిలువ మరణానికి ముందురాత్రి యేసు శిష్యులతో చేసిన కడరా భోజనం దీనికి మూలం. కతోలికులు దివ్యబలిపూజలో దీన్ని స్వీకరిస్తారు, సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో ప్రభురాత్రి భోజనం అంటారు. కతోలిక నియమం ప్రకారం అప్పం గోధుమపిండితోనే చేయాలి. వరి పండే కృష్ణా డెల్టాలోనూ అంతే.

యేసు తన్ను తాను ఇచ్చుకున్నాడు కనుక, ఆ భోజనం అందుకున్నవారు కూడా ఇతరుల కోసం తమ్ము తాము ఇచ్చుకోవాలన్నది ఈ సంస్కారానికి ప్రాణం. కొరింథు సంఘంలో కలిగినవారు ముందే తినేసి పేదల్ని పస్తుంచితే, అది ప్రభు భోజనమే కాదని పౌలు గద్దించాడు. యోహాను సువార్త కడరా భోజన ఘట్టంలో అప్పద్రాక్షరసాల సంస్కార స్థాపన లేదు; యేసు శిష్యుల పాదాలు కడగడం ఉంది. అందుకే పవిత్ర గురువారం సాయంత్రం పూజ జరిపించే కతోలిక గురువు పైవస్త్రం తీసి, నడుముకు తువ్వాలు కట్టుకుని, మోకాళ్లూని విచారణవాసుల పాదాలు కడిగి తుడుస్తారు. 2016 నుంచి ఇందులో స్త్రీలకూ చోటు దక్కింది. ఇది ఎప్పుడో జరగాల్సిన మార్పు.

తెలుగునాట ఈ సంస్కారానికి గట్టి పరీక్ష కులం. మంచినీళ్ల గ్లాసు కూడా వేరుగా పెట్టిన పల్లెల్లో అందరూ ఒకే బల్ల దగ్గర, ఒకే పాత్రలోంచి స్వీకరించడం చిన్న విషయం కాదు. గుడి బయట ఆ సమానత్వం నిలవని చోట సంస్కారం సగమే జరిగినట్టు. ఇతరుల కోసం ఇచ్చుకోవడానికి పేదరికమూ అడ్డు కాలేదు. బిషప్ వి.ఎస్. అజరయ్య కాలంలో దోర్నకల్ అధ్యక్ష మండలంలోని పేద స్త్రీలు అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన పెట్టి, గుడికి తెచ్చి అర్పించేవారు. తమకే చాలని ఇళ్లలోంచి వచ్చిన బియ్యమది.

గన్నవరం దగ్గరి పెదఅవుటపల్లిలో ఆత్మార్పణ అనగానే గుర్తొచ్చేది బ్రదర్ జోసఫ్ తంబి. పుదుచ్చేరి ప్రాంతం నుంచి వచ్చిన ఆయన గురువు కాదు, పూజ చేసే అధికారం లేదు. ఫ్రాన్సిస్కన్ మూడవ సభ సభ్యుడు. సొంతానికంటూ ఏమీ ఉంచుకోకుండా ప్రార్థనలో, పేదల మధ్య బతికాడు. క్రీస్తు పంచగాయాలు ఆయన దేహంపై కనిపించాయని భక్తుల నమ్మకం. ఆత్మార్పణ గురువుల పని మాత్రమే అనుకునేవారికి ఈయన జీవితమే సమాధానం. అజరయ్య 1945 జనవరి 1న, తంబి అదే నెల 15న కన్నుమూశారు. తంబిని కతోలిక సంఘం దైవసేవకుడిగా గుర్తించింది. ఏటా జనవరిలో పెదఅవుటపల్లిలో ఆయన వర్ధంతి ఉత్సవాలు జరుగుతాయి.